జారని స్కేలు కోసం: ఒక బొంత పని డైరీ

మే 3

ఈ వేసవికి పెట్టుకున్న పని ఒక్కటే. అత్తమ్మ పెట్టెలో మడతలు పడి ఉన్న పాత వెంకటగిరి చీరలతో ఆమె మంచానికి ఒక బొంత కుట్టాలి. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, కావలిలో మా వీధిలో ఎవర్నడిగినా అవి ఇప్పటికీ మన నెల్లూరు చీరలే. కట్టీ ఉతికీ మెత్తబడిన ఆ నూలుబట్ట కంటే బొంతకు మంచి బట్ట నాకు తెలియదు.

కొలత: వెడల్పు 48 అంగుళాలు, పొడవు 72. నమూనా తొమ్మిది గళ్లది. రెండున్నర అంగుళాల చదరపు ముక్కలు తొమ్మిది కలిపితే, కుట్టులోకి అన్ని వైపులా పావంగుళం పోగా, ఆరంగుళాల గడి వస్తుంది. అట్లాంటి గళ్లు అడ్డంగా 8, నిలువుగా 12. మొత్తం 96 గళ్లు, 864 ముక్కలు. ఇన్నిటిని సుద్దతో గీసి కత్తెరతో కోయడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే రోటరీ కట్టర్. చిన్న చక్రంలాంటి బ్లేడు బట్ట మీద దొర్లుతూ నాలుగు మడతలనైనా ఒక్క ఊపులో కోస్తుంది. దీన్ని 1979లో జపాన్‌లోని ఓల్ఫా కంపెనీ తెచ్చింది. నా దగ్గరున్నది 45 మిల్లీమీటర్ల బ్లేడుది. కింద పరవడానికి కటింగ్ మ్యాట్, పైన అదిమి పట్టడానికి 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న అక్రిలిక్ స్కేలు. మందం 3 మిల్లీమీటర్లు.

చిక్కంతా ఈ స్కేలుతోనే. కోత సగానికి వచ్చేసరికి అవతలి కొన పక్కకు జరుగుతోంది. ఒక్కో ముక్క అంగుళంలో 16వ వంతు ఎక్కువ తెగిందనుకోండి. అడ్డంగా 24 ముక్కలు, మొత్తం మీద అంగుళంన్నర తేడా. అన్నీ ఒకే తీరుగా పెరిగితే బొంత పెద్దదైందని సరిపెట్టుకోవచ్చు. కొన్ని పెరిగి కొన్ని తరిగితే మూలలు కలవవు, గళ్లు మెలికపడతాయి. కాబట్టి చీరల జోలికి ఇప్పుడే పోను. ముందు ఈ స్కేలు సంగతి తేల్చాలి. ప్రయోగాలన్నీ టైలరు అక్క ఇచ్చిన లైనింగు ముక్కల మీదే.

మే 5

స్కేలు జారుతోందని అందరం అంటాం గానీ, ఎక్కడ జారుతోంది, ఎంత జారుతోంది అన్నది చూడాలనిపించింది. స్కేలుకు కుడి అంచున బ్లేడు నడుస్తుంది కదా, ఎడమ అంచు వెంట సుద్దతో సన్నగా గీత గీశాను. కోత అయ్యాక స్కేలు ఎత్తకుండా, గీతకూ అంచుకూ మధ్య ఎంత ఎడం వచ్చిందో రెండు కొసలా కొలిచాను.

నా వైపు కొసన ఎడం దాదాపు లేదు. అవతలి కొసన అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే స్కేలు మొత్తంగా జరగడం లేదు, నా అరచేయి ఉన్న చోటును ఇరుసు చేసుకుని తిరుగుతోంది. బ్లేడు చేతికి ఎంత దూరం పోతే దాని తోపుకు అంత బలం. తలుపును బందు దగ్గర తోస్తే కదలదు, గొళ్లెం దగ్గర వేలు పెట్టినా తెరుచుకుంటుంది. ఇదీ అంతే. చెయ్యి ఇక్కడే ఉంచి ఎంత గట్టిగా అదిమినా అవతలి కొనకు ఒరిగేది తక్కువ. పైగా గట్టిగా అదిమే కొద్దీ భుజం బిగుసుకుని, కత్తి పట్టిన చెయ్యి కూడా స్కేలునే తోస్తుంది.

ఈ గీత పరీక్ష చేయకముందు నా ధ్యాసంతా స్కేలు అడుగున ఏం అంటించాలా అన్నదాని మీదే ఉంది. ఇప్పుడు రెండు పనులని తెలుస్తోంది. అడుగున పట్టు కావాలి, అదీ రెండు కొసలా కావాలి. చెయ్యి మాత్రం బ్లేడు వెంట నడవాలి.

చెయ్యి నడిపే పద్ధతి ఇది. అరచేయి పరచకుండా అయిదు వేళ్ల కొసలను విడదీసి స్కేలు మీద నిలబెట్టాలి. చిటికెన వేలు స్కేలు దాటి, ఎడమ అంచును ఆనుకుని బట్ట మీద ఉండాలి. అది అడ్డుగా నిలబడితే స్కేలు ఎడమకు జరగలేదు. బ్లేడు వేళ్లకు ఎదురుగా వచ్చాక ఆపాలి, కానీ బట్ట మీద నుంచి ఎత్తకూడదు. కత్తి అక్కడే ఉండగా వేళ్లు ఒక జానెడు ముందుకు నడిచి మళ్లీ కుదురుకుంటాయి, అప్పుడు కోత సాగుతుంది. కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా పోవాలే గానీ మన వైపు రాకూడదు. చెయ్యి నడిపించి కోస్తే అవతలి కొసన ఎడం సగానికి సగం తగ్గింది. అడుగున ఏమీ అంటించకుండానే.

మే 8

స్కేలు అడుగు భాగాన్ని వేలితో రాస్తే సన్నటి నూగు తగిలింది. బట్ట పొట్టు, గంజి పొడి, చేతి చెమట. ఈ పొర ఉన్నంతసేపు ఏ పట్టూ పనిచేయదు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అక్రిలిక్‌ను నెయిల్ పాలిష్ తీసే ద్రవంతో గానీ, థిన్నరుతో గానీ, స్పిరిటుతో గానీ తుడవకండి. మొదటి రెండూ దాన్ని కరిగిస్తాయి. స్పిరిటుకు వెంట్రుకవాసి పగుళ్లు పడి, గీతలు కనిపించకుండా స్కేలు మసకబారిపోతుంది.

బట్టకు గంజి పెట్టాను. బియ్యం మొలగొలుకులైనా మసూరీ అయినా గంజి గంజే. అన్నం వార్చిన గంజిని పలచన చేసి, వడకట్టి, ముంచి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మెత్తటి చీర కాగితంలా నిలబడుతుంది. స్కేలు అదిమినప్పుడు బట్ట కింద ముడతపడకుండా, ఏటవాలున సాగకుండా ఉండేది దీనివల్లే. కానీ గంజి పెట్టి గట్టిగా ఇస్త్రీ చేసిన బట్ట నున్నగా అవుతుంది కాబట్టి దాని మీద వట్టి స్కేలు ఇంకాస్త సులువుగా జారుతుంది. బట్ట నిలకడ వేరు, స్కేలు పట్టు వేరు. గంజి మొదటిదానికే పనికొస్తుంది. గంజి పెట్టిన బట్టను నెలల తరబడి దాచకూడదు, పురుగు పడుతుంది. ఎప్పుడు కోసేదో అప్పుడే గంజి పెట్టుకోవడం మేలు.

మే 11

అత్తమ్మ వచ్చి చూసి, "ఏంది మే, ఇంత యవ్వారం? చించితే పోగెంట తిన్నంగా పోద్ది గదా" అంది. ఆమె కాలంలో బొంతకు బట్టను చించడమే. ఆమె మాటలో నిజముంది. సాదా నేతలో చీలిక ఒకే పోగు వెంట పోతుంది, ఏ స్కేలూ అంత తిన్నగా గీత ఇవ్వదు. ఆమె చేతే ఒక ముక్క చింపించాను. చీలిక తిన్నగానే ఉంది, కానీ రెండు అంచులా పోగులు లాగినట్లయి, బట్ట అలలు తేలి, అంచు వెంట కొంత మేర నేత వదులైంది. పెద్ద పెద్ద పట్టీల బొంతకు ఇది ఏ మాత్రం లెక్క కాదు. రెండున్నర అంగుళాల ముక్కలో మాత్రం కుట్టుకు ఉన్నదే పావంగుళం.

అయినా ఆమె పద్ధతిని ఒక చోట వాడుకుంటున్నాను. ప్రతి చీర ముక్కకూ మొదటి అంచును చింపి, ఇస్త్రీ చేసి, దాన్నే ఆధారంగా పెట్టుకుని మడత వేస్తే పోగు దారి తప్పదు. మడత వంకరగా ఉంటే స్కేలు కదలకపోయినా పట్టీ మడత దగ్గర మోచేయిలా వంగుతుంది. స్కేలు తప్పు కానిదాన్ని స్కేలు మీద వేయకుండా ఉండటానికి కూడా ఇది మంచిదే.

మే 16

ఉప్పు కాగితం. వడ్రంగులు చెక్క రుద్దే కాగితం, హార్డ్‌వేర్ కొట్లో 120, 220, 400 నంబర్లు ఒక్కొక్కటి తెచ్చాను. ఆఫీసు కాగితాలకు చిల్లులు వేసే పాత పంచింగ్ మెషీన్‌తో బిళ్లలు కొట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో స్కేలు అడుగున అంటించాను.

పట్టు చూడటానికి ఇంకో పరీక్ష. రెండడుగుల చెక్క పలక మీద బట్ట బిగించి, దాని మీద స్కేలు పెట్టి, పలక ఒక వైపు మెల్లగా పైకెత్తాలి. స్కేలు ఏ ఎత్తున జారడం మొదలుపెడుతుందో అదే దాని పట్టుకు కొలత. చెయ్యి ఎంత అదిమింది అన్న లెక్క ఇందులో రాదు. వట్టి స్కేలు ఏడంగుళాల ఎత్తుకే కదిలింది. 220 బిళ్లలతో ఆ ఎత్తు దాదాపు రెట్టింపు. 120 ఇంకా గట్టిగా పట్టింది, కానీ స్కేలు జరిపినప్పుడు సన్నటి నూలు నుంచి పోగును పీకింది. వంద కౌంటు సన్న నూలు చీర మీద దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పదు. 400 మరీ నున్నన. నా బట్టకు 220 సరి.

బిళ్లలు ఎక్కడ అంటించాలన్నదే అసలు సంగతి. మే 5 నాటి గీత చెప్పినట్టు రెండు కొసలకూ దగ్గరగా ఎక్కువ, నడుమ తక్కువ. కోత అంచుకు అరంగుళం లోపలికి ఉండాలి. అంచుకు మరీ దగ్గరైతే బ్లేడు తగిలి మొద్దుబారుతుంది, మరీ లోపలికైతే అంచు దగ్గర బట్టను పట్టేదేమీ ఉండదు. కొలత గీతల మీద పడకూడదు. స్కేలును ఎత్తి పెట్టాలి, మ్యాట్ మీద ఈడ్చకూడదు. ఉప్పు కాగితం మ్యాట్‌ను గీకేస్తుంది.

మే 22

ఎండ. మధ్యాహ్నం మూడింటికి గోడలు కూడా సెగ కక్కుతున్నాయి. కోతప్పుడు ముక్కలెగురుతాయని ఫ్యాను ఆపుతున్నాను. ఆ వేడికి రెండు వైపుల టేపులో జిగురు మెత్తబడి, బిళ్లలు ఉన్న చోట ఉండకుండా పక్కకు పాకాయి. నురగ ఉన్న మందపు టేపు మరీ అన్యాయం: బిళ్ల బట్టను గట్టిగా పట్టుకునే ఉంటుంది, పైన స్కేలు నురగ మీద ఊగుతుంది. చూస్తే జారనట్టే ఉంటుంది, కొలిస్తే తేడా.

చల్లటి దేశాల వాళ్లు చెప్పే చిట్కాలను మన మే నెలలో మళ్లీ పరీక్షించుకోవాల్సిందే. పలచటి టేపు తీసుకుని, బిళ్లను అంటించాక పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచితే నిలిచింది. పని అయ్యాక స్కేలును బీరువా వెనక చల్లటి చోట నిలబెడుతున్నాను. మ్యాట్‌ను మాత్రం నిలబెట్టకూడదు, మంచం కింద పరిచి ఉంచాలి. ఎండ తగిలినా కారులో మరిచినా వంగిపోతుంది. వంగిన మ్యాట్ మీద ఏ స్కేలూ కుదురుగా ఉండదు.

మే 27

రోహిణి కార్తె. పొద్దున్నే పని, ఎనిమిదిన్నరకల్లా బంద్.

అద్దాల బల్లలకు అంటించే సిలికాన్ బొడిపెలు చూశాను. పట్టు బాగుంది, ఎత్తు ఎక్కువ. స్కేలు బట్టకు పైన తేలి, అదిమినప్పుడు నడుమ వంగుతోంది, కింద బట్ట లేస్తోంది. పక్కన పెట్టేశాను. సైకిల్ ట్యూబు ముక్క: పంక్చరు షాపు అబ్బాయి ఊరికే ఇచ్చాడు. అన్నిటికంటే గట్టి పట్టు దీనిదే. కానీ లేత రంగు చీర మీద నల్లటి మరక, కింద గీతలు కనిపించవు. పంక్చరు సొల్యూషన్ అక్రిలిక్‌ను తింటుందేమోనన్న భయంతో దాన్ని దగ్గరికే రానివ్వలేదు. ముదురు బట్టలు కోసేవాళ్లు టేపుతో అంటించుకుంటే బాగానే ఉంటుంది.

మెడికల్ షాపులో దొరికే, సన్నటి చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టరు టేపు నాకు బాగా నచ్చింది. దాని ఒంటి నిండా చిన్న చిన్న గరుకులు, అవే బట్టను పట్టుకుంటాయి. మందం లేదు, గీతలు కనిపిస్తాయి, మ్యాట్‌ను గీకదు. ఉప్పు కాగితమంత పట్టు లేకపోయినా వట్టి స్కేలు కంటే చాలా నయం. ఎండకు అంచుల వెంట జిగురు ఊరితే కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బునీళ్లు. కొసల్లో 220 బిళ్లలు, నడుమ ఈ ప్లాస్టరు టేపు: ఇప్పటికి ఇదీ ఏర్పాటు.

జూన్ 2

ఎదురింట్లో తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రీకి నా సుద్ద గీతలు చూపించాను. కాసేపు చూసి, "కొస తిరగతా ఉండాది గదమ్మా. మొదట్లో ఒక అడ్డబద్ద కొట్టి, దాన్ని బల్ల అంచుకు ఆనిస్తే సరి" అన్నాడు. నేను అడుగున అతికించే వాటి చుట్టూనే తిరుగుతుంటే ఆయనకు బల్ల అంచు కనిపించింది.

టేకు రీపరు ముక్క, ఎనిమిదంగుళాల పొడవు, స్కేలు అడుగున నా వైపు కొసకు. బద్ద బల్ల అంచుకు కిందుగా వచ్చి ఆనుతుంది. కోసేటప్పుడు కత్తి స్కేలును ముందుకు లాగుతుంది కాబట్టి, ఆ లాగుడే బద్దను అంచుకు బిగిస్తుంది. బద్ద కుడి వైపు స్కేలు కంటే రెండంగుళాలు బయటికి ఉండాలని ఆయనే చెప్పాడు. బ్లేడు స్కేలును ఎడమకు తిప్పబోతే కుడి కొస బల్లను తన్ని పడుతుంది, అది ఎంత బయటికుంటే అంత బలంగా. ఎడమ చెయ్యి కూడా స్కేలును కిందికి అదుముతూ కొద్దిగా ముందుకు నెడుతుండాలి.

అక్రిలిక్‌కు చిల్లు వేసేటప్పుడు కింద చెక్క ఆనించి, డ్రిల్లును నిదానంగా, ఒత్తకుండా తిప్పాడు. అవతలికి దిగే క్షణంలో తొందరపడితే పగులుతుందట. మొదట ఒక్క మర బిగించి, మూలమట్టం పెట్టి సరిచూసి, తర్వాతే రెండోది. ఇంటికొచ్చాక నేను 3-4-5 లెక్కతో చూసుకున్నాను: బల్ల అంచు వెంట 18 అంగుళాలు, స్కేలు వెంట 24, ఐమూలగా 30 రావాలి. వచ్చింది. కూలి తీసుకోమంటే వద్దన్నాడు, చల్లటి మజ్జిగ తాగి వెళ్లాడు.

ఈ బద్దకు రెండు షరతులు. బల్ల అంచు తిన్నగా ఉండాలి, మ్యాట్ ఆ అంచుకు సమంగా ఉండాలి. అంచుకు నిలువుగా కోసే పట్టీలకే ఇది. ఏటవాలు కోతకు బద్ద అడ్డం. దానికి మర విప్పి మళ్లీ వేళ్లను నడిపించడమే.

జూన్ 7

బల్ల ఎత్తు. మా భోజనాల బల్ల 30 అంగుళాలు. దాని మీద వంగి కోస్తుంటే బరువు చేతి మీద ఏటవాలుగా పడి, అదే స్కేలును ముందుకు తోస్తోంది. బల్ల కోళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి 35 అంగుళాలకు లేపాను. ఇప్పుడు మోచేయి కంటే బల్ల కాస్త కిందుగా ఉంది, బరువు నిట్టనిలువుగా దిగుతోంది. నడుం నొప్పి కూడా లేదు. మ్యాట్ కింద ఫ్రిజ్ అరల్లో పరిచే రబ్బరు జాలీ వేశాను. స్కేలు ఎంత నిలకడగా ఉన్నా మ్యాట్ జారితే ఏం లాభం?

కొత్త బ్లేడు వేశాను. ఇది ముందే రాయాల్సినంత ముఖ్యం. మొద్దు బ్లేడు పోగులు వదిలేస్తుంది, మనం మళ్లీ మళ్లీ తోస్తాం, ఆ తోపంతా స్కేలు మీదికే వస్తుంది. పదునుంటే కత్తి బరువుకు కొంచెం చేయి తోడైతే చాలు. గుండుసూది మీదుగా పోతే బ్లేడుకు పన్ను పడుతుంది, అక్కడి నుంచి ప్రతి చుట్టుకూ ఒక పోగు తెగదు. పాత బ్లేడును మందుల డబ్బాలో వేసి మూత బిగించాను. కోత ఆపిన ప్రతిసారీ కత్తి మూత వేయడం అలవాటు చేసుకోండి, ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా.

జూన్ 14

చీరలు మొదలుపెట్టాను. ముందుగా జరీ అంచు, పమిట కోసి వేరు చేయాలి. ఎందుకంటే జరీ మందం వల్ల స్కేలు ఒక వైపు లేచి ఊగుతుంది. జామ్దానీ బుటాలున్న చోటా అంతే. ఆ అంచులు బొంత చుట్టూ పట్టీగా వేస్తాను, పారేసేది లేదు. మిగతా బట్టకు గంజి, ఇస్త్రీ, నాలుగు మడతలు. అంతకు మించి వేస్తే పై పొర కింది పొర మీద జారుతుంది. ఆ జారుడును ఏ స్కేలూ ఆపలేదు.

గీత పరీక్ష మళ్లీ చేశాను. అవతలి కొసన ఎడం వెంట్రుకవాసి. పట్టీ రెండు కొసలూ, నడుమా కొలిస్తే రెండున్నర అంగుళాలే. అత్తమ్మ ఒక పట్టీ తీసుకుని ఇంకోదాని మీద పరిచి, వేలితో అంచు వెంట రాసి చూసింది. "బాగుండాయి మే. ఆ నీలం చీర నా పెళ్లప్పటిది, దాన్ని నడుమన పెట్టు" అంది. అలాగే, ప్రతి గడి నడుమ ముక్కా నీలమే. 96 నీలం ముక్కలు కావాలి. పట్టీకి 16 ముక్కలు వచ్చినా ఆరు పట్టీలు. నీలం చీర ఒక చోట చిరిగి ఉంది, అది తప్పించి కోయడానికి పొద్దున గంజి పెట్టి ఆరేశాను.